రేఖలో తెలుగుదనం: దామెర్ల రామారావు

రుషికొండ తీరాన నిలుచున్నవారిని సముద్రం ఏ రంగులో ఉన్నదని అడిగితే, నూటికి తొంభైమంది నీలమని చెబుతారు. అది కన్ను చెప్పిన సమాధానం కాదు. అలవాటు చెప్పిన సమాధానం. తెల్లవారుజామున అదే నీరు సీసపు రంగులో ఉంటుంది. సూర్యోదయవేళ అంచున రాగివన్నె పులుముకుంటుంది. మిట్టమధ్యాహ్నం కెరటం విరిగే చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. తడిసిన ఇసుక మీద ఆకాశం ప్రతిఫలిస్తుంది. కొండ నేల ఎరుపు ఆ ప్రతిఫలనంలో ఎక్కడో కలుస్తుంది. చిత్రకారుని విద్య రంగులు కలపడంతో మొదలు కాదు. తెలిసిన దానిని చెప్పడం మాని, కనిపించిన దానిని చూడడంతో మొదలవుతుంది.

అలా చూడడం గోదావరి గట్టున నేర్చుకొన్న ఒక తెలుగు బాలుడు, పెద్దవాడై తెలుగునేలకు ఆధునిక చిత్రకళను ఇచ్చాడు. ఆయన దామెర్ల రామారావు. బ్రతికినది ఇరవై ఎనిమిది సంవత్సరాలు కూడా నిండలేదు. చదువు ముగించుకొని స్వతంత్రంగా కుంచె పట్టిన కాలం అయిదేళ్లకు మించదు. ఆ అయిదేళ్లలో ఆయన ఏమి చేశాడో తెలియాలంటే ముందుగా ఆయన పెరిగిన ఊరును చూడాలి.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో జన్మించాడు. నేడు రాజమహేంద్రవరమని వ్యవహరిస్తున్న ఆ నగరం అప్పటికే తెలుగువారి మేధాజీవనానికి కేంద్రం. కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంఘసంస్కరణోద్యమం నడిచిన చోటు అది. రామారావుకు మూడేళ్ల వయస్సులో, 1900లో, గోదావరి మీద రైలు వంతెన పూర్తయింది. పట్టణానికి దిగువన ధవళేశ్వరం ఆనకట్ట, ఎగువన తూర్పుకనుమలను చీల్చుకొని వచ్చే నది, నడుమ ఇసుకతిన్నెలు, లంకలు. వేసవిలో బయటపడి వరదలలో మునిగిపోయే ఆ లంకలు ఏటా రూపు మార్చుకొంటాయి. నిన్న ఉన్న గట్టు నేడు ఉండదు. దృశ్యం క్షణక్షణమూ మారుతుందన్న సత్యాన్ని నదీతీరవాసికి వేరే గురువు చెప్పనవసరం లేదు.

ఆ బాలుని పదవయేట ఊరిలో మరొక వరద వచ్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రికి వచ్చి ఉపన్యసించాడు. వందేమాతరం నినాదం వీధులలో మార్మ్రోగింది. ఆ నినాదం చేసినందుకు విద్యార్థులపై చర్యలు తీసుకొన్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాల నుండి బహిష్కృతుడయ్యాడు. స్వదేశీ అనే మాట ఆనాడు కేవలం నూలుబట్టకు సంబంధించినది కాదు. మన చదువు ఏది, మన శిల్పం ఏది, మన చిత్రలేఖనం ఏది అన్న ప్రశ్నలన్నీ దాని వెంట వచ్చాయి. బొమ్మలు గీసే ఏ కుర్రవాడికైనా ఆ ప్రశ్నలు ఎదురుకాక తప్పని కాలం అది.

ఆ ప్రశ్న ఎంత కఠినమైనదో గ్రహించాలంటే నాటి భారతీయ చిత్రకళ స్థితిని కొంత తెలుసుకోవాలి. అప్పటికి మన ఇళ్ల గోడలను ఏలుతున్నవి రవివర్మ చిత్రాలు. కేరళకు చెందిన రాజా రవివర్మ (1848-1906) ఐరోపావారి తైలవర్ణ పద్ధతిని స్వయంకృషితో నేర్చి, మన పురాణపాత్రలకు రక్తమాంసాలు గల రూపాలనిచ్చాడు. 1894లో ఆయన స్థాపించిన ముద్రణాలయం నుండి వెలువడిన లక్ష్మీ సరస్వతుల పటాలు పూరిళ్లకు సైతం చేరాయి. సామాన్యుని ఇంటికి చిత్రం చేరడం చిన్న విషయం కాదు. కాని ఆ చిత్రాలలో దేవతలు నాటకరంగం మీద నిలుచున్న నటులవలె ఉంటారని, పద్ధతి పూర్తిగా పాశ్చాత్యమని ఒక విమర్శ బయలుదేరింది. ఆ విమర్శకు బలం వంగదేశంలో లభించింది. కలకత్తా కళాశాల ప్రధానాచార్యుడు హావెల్, అవనీంద్రనాథ ఠాకూరు కలిసి మొగలాయి సూక్ష్మచిత్రాలవైపు, అజంతావైపు దృష్టి మళ్లించారు. జపాను చిత్రకారుల నుండి నేర్చిన పద్ధతిలో కాగితాన్ని మళ్లీ మళ్లీ తడిపి, రంగును పొగమంచువలె పలుచగా పరిచే శైలిని అవనీంద్రుడు రూపొందించాడు. అందులో వస్తువు కలలో కనిపించినట్లుంటుంది.

ఒకవైపు రవివర్మ తైలవర్ణాల వాస్తవికత, మరొకవైపు వంగదేశపు స్వప్నలోకం. ఈ రెంటికీ నడుమ తెలుగు చిత్రకారునికి తనదని చెప్పుకొనే దారి లేదు. లేపాక్షి పైకప్పుల మీద విజయనగర కాలపు చిత్రాలు ఉన్నాయి. అమరావతిలో పాలరాతి శిల్పాలు ఉండేవి. వాటిలో ఎన్నో అప్పటికే మద్రాసుకూ లండనుకూ తరలిపోయాయి. కాళహస్తిలో కలంకారీ ఉన్నది. ఇవన్నీ గతవైభవాలు గానో, వృత్తిపనులు గానో మిగిలాయే తప్ప, చదువుకొన్న యువకునికి దారి చూపగల కళాశాల తెలుగుదేశంలో ఏదీ లేదు.

అట్టి సమయంలో రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రధానాచార్యుడుగా వచ్చాడు. 1909 నుండి 1919 వరకు ఆయన అక్కడ పనిచేశాడు. ఆయన ఆంగ్లేయుడు, కవి, కథకుడు, స్వయంగా చిత్రకారుడు. పాలకజాతికి చెందినవాడై ఉండి కూడా పాలితుల కళను చులకనగా చూడక, విద్యార్థులను అజంతా వంటి చోట్లకు వెంటబెట్టుకొనిపోయి, మీ తాతలు గీసిన గీతలు ఇవి అని చూపిన ఉపాధ్యాయుడు. వందేమాతరం ఉద్యమం ముగిసీ ముగియకముందే, అదే ఊరిలో, ఒక తెల్లదొర తెలుగు యువకులకు తమ దేశపు కళను చూపించడం చరిత్రలో కనిపించే వింతలలో ఒకటి. ఆ యువకులలో అడివి బాపిరాజు ఒకడు. తరువాతి కాలంలో ‘నారాయణరావు’, ‘హిమబిందు’ వంటి నవలలతో పేరు పొందిన బాపిరాజు చిత్రకారుడు కూడా అని నేడు చాలామందికి తెలియదు. రామారావు వారందరిలో చిన్నవాడు, అందరికంటె చేయి తిరిగినవాడు.

చదువులో వెనుకబడి బొమ్మలలో మునిగిపోయే పిల్లవానిని మందలించి దారికి తేవడం ఉపాధ్యాయుల సహజ లక్షణం. కూల్డ్రే అందుకు భిన్నంగా ప్రవర్తించాడు. ఈ పిల్లవాని దారి ఇదేనని నిశ్చయించి, 1916లో బొంబాయిలోని జె.జె. కళాశాలకు పంపించాడు. 1857లో స్థాపితమైన ఆ సంస్థ దేశంలోని ప్రధాన చిత్రకళాశాలలలో ఒకటి. ప్రధానాచార్యుడు సెసిల్ బర్న్స్ రామారావు చిత్రాలను చూసి, తొలి తరగతులు అవసరం లేదని నేరుగా పైతరగతిలో చేర్చుకొన్నాడని చెబుతారు.

బొంబాయి ఆయనకు ఏమిచ్చింది? మొదటిది, దేహనిర్మాణ జ్ఞానం. ఎదుట మనిషిని నిలిపి, ఎముక ఎక్కడ మలుపు తిరుగుతుందో, కండరం ఎక్కడ బిగుస్తుందో గమనిస్తూ గంటల తరబడి గీయడం ఆ కళాశాల పద్ధతి. అట్టి అధ్యయనచిత్రాలు రామారావు వందలకొద్దీ గీశాడు. రెండవది, అజంతా. అజంతా కుడ్యచిత్రాలకు 1872 నుండి పదమూడేళ్లపాటు ప్రతికృతులు వ్రాసినవారు ఈ కళాశాల ఉపాధ్యాయుడు గ్రిఫిత్స్, ఆయన శిష్యులే. మూడవది, దేశాటనం. గుజరాతు, కాఠియావాడు ప్రాంతాలలో తిరిగి అక్కడి మనుషుల వేషభాషలను, పాడిపశువులతో నడిచే స్త్రీల ఒయ్యారాన్ని ఆయన చిత్రించుకొన్నాడు. 1920 నాటికి చదువు ముగిసింది.

అప్పటికి కూల్డ్రే కళాశాల విడిచి ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. బొంబాయి మహానగరంలో ధనికులున్నారు, సంస్థానాధీశులున్నారు, చిత్రాలు కొనేవారున్నారు, ప్రదర్శించే మందిరాలున్నాయి. రాజమండ్రిలో ఇవేవీ లేవు. అయినా రామారావు రాజమండ్రికే తిరిగి వచ్చాడు. దీనిని త్యాగమని పొగడడం పరిపాటి. నాకు మాత్రం అది త్యాగంగా కంటె అవసరంగా తోస్తుంది. ఆయన గీయదలచిన మనుషులు ఇక్కడ ఉన్నారు. బావి దగ్గర కడవ ఎత్తుకొనే స్త్రీ నడుము వంపును బొంబాయిలో కూర్చొని ఊహించవచ్చు. చూడడం మాత్రం ఇక్కడే సాధ్యం.

తిరిగి వచ్చిన తరువాత ఆయన వ్రాసిన చిత్రాలలో ‘ఋష్యశృంగ బంధనం’ అన్నిటికంటె ప్రసిద్ధి పొందింది. కలకత్తాలోని ప్రాచ్యకళా సమాజం 1922లో జరిపిన ప్రదర్శనలో ఆ చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది. వంగదేశ శైలికి పుట్టినిల్లయిన చోట, ఆ శైలిలో లేని ఒక తెలుగువాని చిత్రానికి ఆ గౌరవం దక్కిందన్న సంగతి గమనింపదగినది. అప్పటి వైస్రాయి లార్డు రీడింగును గోదావరిపై ఆయన వ్రాసిన ప్రకృతిదృశ్యమొకటి కూడా ఆకర్షించింది.

ఈ ఋష్యశృంగుని కథ వద్ద మనం కొంతసేపు ఆగాలి. అంగదేశంలో వానలు లేక క్షామం వచ్చింది. పాపమెరుగని ఋష్యశృంగుడు అడుగుపెడితే వాన కురుస్తుందని పెద్దలు చెప్పారు. విభాండకమహర్షి కుమారుడైన ఆ యువకుడు తండ్రిని తప్ప మరొక మనిషిని చూచి ఎరుగడు. చుట్టూ సముద్రమున్న ద్వీపంలో పెరిగినవానివలె, అడవి నడుమ ఏకాకిగా పెరిగాడు. స్త్రీ అనే ప్రాణి లోకంలో ఉన్నదని కూడా అతనికి తెలియదు. రోమపాదమహారాజు పంపిన వేశ్యలు తండ్రి లేని సమయం చూసి ఆశ్రమానికి వచ్చారు. భారతకథలో వారు నావ మీద చెట్లు నాటి, తేలియాడే ఆశ్రమమొకటి కల్పించుకొని వస్తారు. ఋష్యశృంగుడు వారిని మునులనుకొన్నాడు. వారి ఆభరణాలను తపోవేషంలోని విశేషాలనుకొన్నాడు. రామాయణంలో అయితే వారిచ్చిన భక్ష్యాలను కొత్తరకం పండ్లని తిన్నాడు. తండ్రి వచ్చిన తరువాత, ఒక అద్భుతమైన బ్రహ్మచారి వచ్చాడని వర్ణించాడు. వినేవాడికి నవ్వు వస్తుంది. నవ్విన వెంటనే జాలి కలుగుతుంది. అంత అమాయకుడు అతడు. తరువాత వారి వెంట వెళ్లాడు, వాన కురిసింది, రాజకుమార్తె శాంతను పెండ్లాడాడు.

ఈ కథను తెలుగులో మొదట చెప్పినవాడు నన్నయభట్టు, భారతం అరణ్యపర్వంలో. ఎక్కడ కూర్చుండి చెప్పాడు? రాజరాజనరేంద్రుని ఆస్థానంలో, ఇదే రాజమహేంద్రవరంలో. తొమ్మిది వందల సంవత్సరాల తరువాత, ఆ ఊరివాడే, ఆ నదీతీరాననే, ఆ కథనే రంగులలో చెప్పాడు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా సాహిత్య విద్యార్థికి ఇంతకంటె ఆనందం కలిగించే యాదృచ్ఛికం మరొకటి ఉండదు. (మన రుషికొండ పేరులోనూ ఒక ఋషి ఉన్నాడు, ఆయనను ఏ చిత్రకారుడు చిత్రిస్తాడో మరి!)

చిత్రకారునికి ఈ కథలో ఉన్న చిక్కు కవికి లేదు. ‘బంధనం’ అన్నాడే కాని కథలో తాళ్లు లేవు, సంకెళ్లు లేవు. కవి అయితే ఋష్యశృంగుని నోట మాటలు పలికించి అతని లోపలి కలతను తెలుపగలడు. చిత్రంలోని ఋషి మాట్లాడడు. ముందు జరిగినది, తరువాత జరుగబోయేది కూడా చిత్రంలో కనిపించవు. ఒక్క క్షణమే ఉంటుంది. తపస్సు సడలుతున్నది, అనురాగం ఇంకా పేరు తెలియని స్థితిలో ఉన్నది. ఈ సంధిని దేహభంగిమతోను, చూపుతోను, రేఖల ఒరవడితోను మాత్రమే చెప్పాలి. రామారావు ప్రతిభ అంతా ఇక్కడ ఉన్నది. ఆయన మనుషులను ఒంటరిగా నిలుపడు, గుంపులుగా కూరుస్తాడు. ఒకరి భుజం వంపు మరొకరి చేతి వంపులోకి, అది ఇంకొకరి కొంగులోకి ప్రవహిస్తుంది. చూపరి కన్ను ఆ రేఖను పట్టుకొని చిత్రమంతా తిరిగి మళ్లీ మొదటికి వస్తుంది. ఇది అజంతా నేర్పిన విద్య. అమరావతి శిల్పి కూడా పాలరాతి మీద వర్తులాకారంలో మనుషులను ఇట్లే కూర్చాడు.

రేఖ అజంతాది. రేఖ లోపలి దేహం బొంబాయి చదువు ఇచ్చినది. వంగదేశ శైలిలో అవయవాలు పొగవలె కరిగిపోతాయి, రామారావు చిత్రంలో అవి బరువుగా నేల మీద నిలుస్తాయి. మరి మనుషులు? వారు తెలుగువారు. చీరకట్టులో, జడలో, చామనచాయలో, ముక్కున మెరిసే పుడకలో వారిని గుర్తుపట్టవచ్చు. రవివర్మ శకుంతలను చూసి ఆమె ఏ ఊరిదో చెప్పడం కష్టం. రామారావు చిత్రించిన స్త్రీలను చూస్తే గోదావరి రేవులో ఎక్కడో చూసినట్లుంటుంది. ‘నందిపూజ’, ‘పుష్పాలంకరణ’ వంటి చిత్రాల పేర్లు చూసినా ఆయన దృష్టి ఎటు ఉన్నదో తెలుస్తుంది. రాజులను, యుద్ధాలను కాక, ఇంటిలోను గుడిలోను ప్రతిదినం జరిగే పనులను ఆయన చిత్రయోగ్యాలుగా భావించాడు.

ఆయన చిత్రాలలో ఒక పరిమితి కూడా కనిపిస్తుంది. స్త్రీమూర్తుల ముఖాలు కొన్నిచోట్ల అక్కచెల్లెండ్ర ముఖాలవలె ఒకే పోలికలో ఉంటాయి. దేహాలలో ఉన్న వైవిధ్యం ముఖాలలో ఉండదు. అజంతాలోనూ ఈ లక్షణం ఉన్నది కనుక అది సంప్రదాయమని సరిపెట్టుకోవచ్చు. ఇరవై అయిదేళ్ల యువకుడు ఇంకా తన దారిని వెదుకుకొంటున్నాడని అనుకోవడం మరింత న్యాయం. ఆయన రేఖాచిత్రాల పుస్తకాలలోని నిత్యజీవిత దృశ్యాలలో మనుషులు ఎవరికి వారుగా కనిపిస్తారు. ఆ వైవిధ్యం పెద్ద చిత్రాలలోకి పూర్తిగా చేరేందుకు కాలం చాలలేదు.

‘సిద్ధార్థ రాగోదయం’ ఆయన మరొక ప్రసిద్ధ చిత్రం. కుమారునికి సంసారంపై ఆసక్తి కలిగించడానికి శుద్ధోదనుడు ఒక ఉత్సవం ఏర్పాటు చేశాడని, వచ్చిన కన్యలకు సిద్ధార్థుడు కానుకలు పంచాడని బౌద్ధగాథ. చివరగా యశోధర వచ్చేసరికి కానుకలు అయిపోయాయి. తన ఒంటి మీది ఆభరణాన్నే తీసి ఇచ్చాడు. అది ఉంగరమని ఒక కథనం, హారమని మరొక కథనం. బుద్ధుడు కాబోయేవాని మనస్సులో ప్రేమ ఉదయించిన ఘడియ అది. ఋష్యశృంగుడు, సిద్ధార్థుడు, ఇద్దరూ విరాగులే. ఇద్దరినీ రామారావు రాగం అంకురించిన క్షణంలోనే చిత్రించాడు. ఋషి ఋషిత్వంకంటె, బుద్ధుని బుద్ధత్వంకంటె, దానికి ముందో వెనుకో ఉన్న మానవత్వం ఆయనను ఆకర్షించింది.

తెలుగు చిత్రకారునికి బుద్ధుడు పరాయివాడు కాడు. రుషికొండకు సమీపంలోని తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధభిక్షువులు శతాబ్దాలపాటు నివసించారు. సముద్రాన్ని చూస్తూ ఉండే ఆ విహారశిథిలాలు రామారావు కాలానికి మట్టి కింద ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్ది చివరి దశాబ్దాలలో జరిగిన తవ్వకాలలో అవి వెలుగు చూశాయి.

ఇంతవరకు చెప్పినది చిత్రకారుని గురించి. రామారావు ఉపాధ్యాయుడు కూడా. 1923లో ఆయన రాజమండ్రిలో చిత్రకళాశాలను స్థాపించాడు. తనకు కూల్డ్రే దొరకడం అదృష్టమని, తరువాతి పిల్లలు అదృష్టం మీద ఆధారపడకూడదని ఆయన ఉద్దేశం కావచ్చు. బొంబాయి వెళ్లగలిగినవారు ఎందరు? ఊరిలోనే బడి ఉంటే వెళ్లలేనివారు నేర్చుకొంటారు. వరదా వెంకటరత్నం ఆయనకు మిత్రుడై, సహచరుడై ఈ పనిలో తోడు నిలిచాడు. కుటుంబంలోనూ విద్య వ్యాపించింది. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ చిత్రలేఖనం అభ్యసించారు. బుచ్చికృష్ణమ్మ చిత్రకారిణిగా పేరు పొందింది. స్త్రీవిద్యకోసం వీరేశలింగంగారు తపించిన ఊరిలో, ఆయన మరణించిన నాలుగైదేళ్లకు, స్త్రీలు అక్షరంతోపాటు కుంచె కూడా పట్టుకొన్నారు. ఇంటిగోడకు ముగ్గు పెట్టే చేయి కాగితం మీద గీత గీయడానికి జంకనక్కరలేదని ఆ ఇల్లు నిరూపించింది.

అదే కాలంలో బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు వంగదేశ పద్ధతిని నేర్పుతున్నాడు. బాపిరాజు అక్కడ ఆయనకు శిష్యుడయ్యాడు. ఆ విధంగా 1920ల ఆరంభంలో గోదావరీ కృష్ణా తీరాలలో రెండు చిత్రకళాశాలలు, రెండు భిన్నమైన దారులు ఏర్పడ్డాయి. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రారంభించిన ‘భారతి’ పత్రిక తెలుగు చిత్రకారుల వర్ణచిత్రాలను ముద్రించి ఇంటింటికీ చేర్చింది. తెలుగు కవిత్వంలో భావకవిత్వం వికసిస్తున్న దినాలవి. కవులు, చిత్రకారులు వేరువేరు ప్రపంచాలలో ఉండేవారు కారు. బాపిరాజు వంటివారిలో ఇద్దరూ ఒకరే.

1924లో ఇంగ్లండులోని వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగింది. రామారావు చిత్రాలు అక్కడికి కూడా చేరాయి. పరదేశపు సందర్శకులు గోదావరీతీరపు మనుషులను ఆ చిత్రాలలో చూశారు. ఆయన వయస్సు ఇరవై ఏడు. ఇక ముందున్నదంతా ఉన్నతికి దారి అని ఎవరైనా అనుకొంటారు.

మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 6న రామారావు మశూచికంతో మరణించాడు.

ఇప్పటి విద్యార్థులకు మశూచికమంటే ఏమిటో తెలియదు. ఒంటినిండా చీముపొక్కులు, తీవ్రమైన జ్వరం. సోకినవారిలో ఎందరో మరణించేవారు, బ్రతికినవారిలో కొందరు చూపు కోల్పోయేవారు. చాలామందికి మచ్చలు మిగిలేవి. అది వస్తే గ్రామదేవతకు కోపం వచ్చిందని జాతరలు చేసేవారు. అప్పటికి దానికి టీకా లేక కాదు. 1796లోనే ఇంగ్లండులో జెన్నర్ దానిని కనిపెట్టాడు; 1802లో భారతదేశానికి వచ్చింది. టీకా వచ్చినా అది అందరికీ చేరడానికి, చేరినా జనం నమ్మడానికి నూట డెబ్బై సంవత్సరాలు పట్టింది. మన దేశంలో చివరి మశూచికం కేసు 1975లో నమోదయింది. ప్రపంచం నుండి అది నిర్మూలమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది. ఆ రెండు తేదీల నడుమ, 1796కు 1980కి మధ్య, పోయిన కోట్లమందిలో ఈ చిత్రకారుడొకడు. ఆయన మరణాన్ని విధివిలాసమని వ్రాసిన వ్యాసాలు ఉన్నాయి. అది విధి కంటె ఎక్కువగా ఆలస్యం.

చిన్నవయస్సులో మరణించిన కళాకారుని విషయంలో, బ్రతికి ఉంటే ఎంతవాడయ్యేవాడో అన్న ఊహే ప్రధానమై, చేసిన పని వెనుకబడిపోతుంటుంది. రామారావు కీర్తికి ఆ ఊహ అవసరం లేదు. ఆయన విడిచి వెళ్లిన వర్ణచిత్రాలు, నీటిరంగుల ప్రకృతిదృశ్యాలు, దేహాధ్యయనాలు, రేఖాచిత్రాల పుస్తకాలు చూస్తే ఒక పూర్తి జీవితకాలపు శ్రమ కనిపిస్తుంది. ముఖ్యంగా ఆయన నీటిరంగుల దృశ్యాలను నిదానంగా చూడవలసి ఉన్నది. పురాణచిత్రాల వెలుగులో అవి మరుగున పడ్డాయి. నీటిరంగు కఠినమైన మాధ్యమం. తైలవర్ణంలో తప్పు పడితే మరొక పూత పూసి దిద్దవచ్చు. తడి కాగితం మీద పడిన రంగు తనదారిన తాను పాకుతుంది. దిద్దబోతే మురికి అవుతుంది. తెలుపు కావలసినచోట కాగితాన్నే ఖాళీగా వదలాలి. అంటే వెలుగు ఎక్కడ ఉంటుందో కుంచె పెట్టక ముందే నిశ్చయించుకోవాలి. గోదావరి మీది వెలుగు అయితే నిలకడ లేనిది. ఒక మబ్బు అడ్డు వస్తే చాలు, గీయబోయిన దృశ్యం మాయమవుతుంది. అట్టి వెలుగును అట్టి మాధ్యమంతో పట్టాలంటే చేతికి వేగం, కంటికి నిదానం రెండూ ఉండాలి.

రామారావు మరణంతో పాఠశాల మూతపడి ఉండవలసినది. ఒక వ్యక్తి చుట్టూ అల్లుకొన్న సంస్థలకు పట్టే గతి సాధారణంగా అదే. వరదా వెంకటరత్నం దానిని నిలబెట్టాడు. స్వయంగా మంచి చిత్రకారుడై ఉండి, తన చిత్రాలకంటె మిత్రుని చిత్రాలను కాపాడడానికి, మిత్రుని బడిని నడపడానికి ఎక్కువ కాలం వెచ్చించాడు. చిత్రకళాచరిత్రలో ఇటువంటివారికి ఒక వాక్యానికి మించి చోటు దొరకదు. వారు లేకపోతే ఆ చరిత్రకు వస్తువే దొరకదు. తెలుగు చిత్రకారుల తొలితరం చిత్రాలెన్నో ఇళ్ల అటకల మీద చెదలుపట్టి పోయాయి. అమ్ముడై ఎవరి ఇంటికి చేరాయో తెలియకుండా పోయినవి మరికొన్ని. రామారావు చిత్రాలలో అధికభాగం ఆయన పుట్టిన ఊరిలోనే, ఒకేచోట మిగిలి ఉండడానికి కారణం కుటుంబసభ్యుల, మిత్రుల పట్టుదల.

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు స్మారక చిత్రకళాశాల, చిత్రశాల ఉన్నాయి. విశాఖపట్టణం నుండి రైలులో పోతే కొన్ని గంటల ప్రయాణం. పురాణచిత్రాలను గదిలో కొంచెం దూరం నుండి చూసి, తరువాత నీటిరంగుల దగ్గరకు పోవడం మంచిది. అవి చిన్నవి, దగ్గరగా నిలిచి, ఒక్కొక్కదాని ఎదుట రెండు మూడు నిమిషాలైనా ఆగితే తప్ప కాగితం వదిలిన చోట నీరు మెరవడం కనిపించదు.